ఆరు లేని తీర్పులు, ఒక బహిష్కరణ

2025 మార్చి 12, బుధవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు ఎదుటి పక్షం వకీలు తన రాతపూర్వక వాదనల ప్రతిని నా చేతిలో పెట్టాడు.

"అందిందని ఒక్క సంతకం జెయ్యక్కా. చదివితే నువ్వే రాజీకొస్తవు. ఆరు జడ్జిమెంట్లు వెట్టిన," అన్నాడు. వయసులో నాకంటే పదేళ్లు చిన్నవాడు, నాలాగే గని కార్మికుడి బిడ్డ. సంతకం చేసి, పక్కన సమయం కూడా వేశాను. అది నా అలవాటు.

ఏ ఊరి కోర్టో రాయను. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా బొగ్గు ఉన్నచోటల్లా ఒక కోర్టు ఉంది, దాని ఆవరణలో ఒక బార్ హాలు ఉంది. అక్కడ ఇరవై ఆరేళ్లుగా సివిల్ పక్షాన ప్రాక్టీసు చేస్తున్నాను.

కేసు ఈ ప్రాంతంలో తప్ప మరెక్కడా పుట్టనిది. నా క్లయింటు ముప్పై మూడేళ్ల స్త్రీ, తండ్రికి ఒక్కతే సంతానం. కమాన్‌పూర్ వైపు పల్లె. 1989లో ఆమె పెద్దనాన్నకు గనిలో పని దొరికింది. ఆయన ఒక్క షిఫ్టు దిగి, ఆ చీకటికి భయపడి, మళ్లీ దిగనని ఇంట్లో పడుకున్నాడు. దొరికిన పని పోగొట్టుకోవడం ఎందుకని తమ్ముడు అన్న పేరుతో దిగాడు. అప్పట్లో ఇక్కడ ఇది మోసం కాదు, ఇంటింటా ఉన్న ఏర్పాటు. మారు పేరు అనేవారు. ఆ తమ్ముడే నా క్లయింటు తండ్రి. ఇంట్లో సొంత పేరు, బాయి మీద, అంటే గనిలో, అన్న పేరు. కూతురి బడి సర్టిఫికెట్లో ఒకటి, క్వార్టరు కాగితంలో మరొకటి. 2016లో పల్లెలో అన్న చనిపోయాడు. తమ్ముడు పదకొండో రోజు దినం చేసి, పన్నెండో రోజు గనికి వెళ్లి, చనిపోయిన ఆ మనిషి పేరుతోనే మస్టరు, అంటే ఆ రోజు హాజరు, వేయించుకున్నాడు. ఆ తర్వాత ఏడేళ్లు అలాగే పనిచేసి, 2023లో జబ్బుతో కంపెనీ దవాఖానాలో కన్నుమూశాడు.

సర్వీసులో ఉండగా చనిపోయినవారి బిడ్డకు ఉద్యోగం ఇస్తారు. కూతురు దరఖాస్తు పెట్టుకుంది. ఆ తర్వాత పెద్దనాన్న కొడుకు కూడా పెట్టాడు. రికార్డులో ఉన్నది మా నాయన పేరే, కాబట్టి దవాఖానాలో పోయింది మా నాయనే అని ప్రమాణపత్రం దాఖలు చేశాడు. పల్లెలో జరిగిన చావును ఎవరూ రిజిస్టరు చేయించలేదు. తన చేత్తో తలకొరివి పెట్టిన తండ్రిని కాగితం మీద ఏడేళ్లు బతికించి, చిన్నాయన చావును ఆ తండ్రికి అంటగట్టాడు. ఇద్దరు హక్కుదారులు కనబడేసరికి కంపెనీ ఆఫీసు చేతులు దులుపుకుంది. 2025 మే 31లోగా కోర్టు డిక్రీ తెస్తే సరి, లేదంటే ఫైలు మూస్తామని ఇద్దరికీ రాసింది. మే నెలంతా కోర్టుకు వేసవి సెలవులు. అంటే ఏప్రిల్ దాటితే ఆమెకు ఏమీ లేదు. భర్త ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర కూలి. ఉంటున్న కంపెనీ క్వార్టరు కూడా ఆ ఫైలుతోపాటే పోతుంది.

సాక్ష్యం జనవరిలోనే పూర్తయింది. తండ్రితో పనిచేసి రిటైరైన ఇద్దరు ముసలివాళ్లు బోనెక్కి, బాయిలోకి దిగింది తమ్ముడేనని చెప్పారు. వాదనలు మాత్రమే మిగిలాయి. అప్పుడు వచ్చాయి ఈ ఆరు తీర్పులు. యజమాని రికార్డే అంతిమమని, దానికి విరుద్ధంగా నోటి సాక్ష్యం చెల్లనే చెల్లదని ఆరూ ఒకే మాట చెబుతున్నాయి. అంత కచ్చితంగా, అంత ఒకే తీరుగా న్యాయమూర్తులు ఎప్పుడూ మాట్లాడరు. నాకు మొదటి అనుమానం అక్కడే కలిగింది.

తీర్పును ఉదహరిస్తే దాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివి ఉండాలని నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పేవారు. ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుని ఒక్కొక్కటే వెతికాను. మొదటిది చెప్పిన సంపుటంలో, చెప్పిన పేజీలో, లారీ ప్రమాద పరిహారం కేసు ఉంది. రెండవదానికి అసలు అన్ని పేజీలే లేవు. మిగతావి ఏ వెబ్‌సైటులోనూ కనబడలేదు. శనివారం బస్సెక్కి పెద్దపల్లి వెళ్లి, అక్కడి పాత బైండు పుస్తకాలు తిరగేశాను. ఒక్కటి కూడా లేదు. ఆరింటినీ ఫోన్‌లోని ఏఐ యంత్రం అల్లింది. పెద్ద పట్టణాల కోర్టుల్లో ఇలాంటివి బయటపడుతున్నాయని చదివాను. కానీ మా దగ్గరికి ఇంత త్వరగా వస్తుందని అనుకోలేదు.

2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు, కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చాయి. దశాబ్దాలుగా నాలుక చివర ఉన్న సెక్షన్ల నెంబర్లన్నీ ఒక్క రోజులో తారుమారయ్యాయి. కూర్చుని చదువుకోవలసిన పని మాకు అప్పుడు పడింది. మా బార్‌లో ఆ పుస్తకాలు కొన్నవారు సగం మంది కూడా లేరు. మిగతావారు ఫోన్‌ను అడిగారు. అది అడిగినదానికి జవాబు ఇస్తుంది, తెలిసినా తెలియకపోయినా. దాన్ని నేను తప్పుపట్టను. అది బార్‌లో నల్లకోటు వేసుకుని ప్రమాణం చేయలేదు.

మార్చి 19న మెమో వేశాను. ఆరు తీర్పులూ దొరకడం లేదు, ప్రతులు ఇప్పించాలని మాత్రమే కోరాను. మా జడ్జి ముప్పై అయిదు దాటని యువకుడు. తక్కువ మాట్లాడతాడు. వారంలో ప్రతులు తెమ్మని ఆదేశించాడు. వరండాలో ఎదుటి వకీలు నన్ను ఆపాడు.

"గింత చిన్నదానికి మెమో ఏంది అక్కా? ఫోన్ జేస్తె చెప్పకపోదునా?"

"ఏం చెప్పేటోనివి?"

"సాఫ్టువేరు మిస్టేకు. ఎవలకైన అయితది."

"అయితే గదే రాసియ్యి. ఆరు వెనక్కి తీసుకుంటున్న అని ఒక్క లైను. నేను మాట్లాడను."

ఆ తలుపు నేను తెరిచే ఉంచాను. అతను దానిలోంచి నడవలేదు. మార్చి 26న ఆరు తీర్పుల పూర్తి పాఠాలు, స్పైరల్ బైండింగ్ చేయించి మరీ తెచ్చాడు. దొరకని తీర్పులకు ప్రతులు ఎక్కడివి? అదే యంత్రాన్ని మళ్లీ అడిగి, పేజీలకు పేజీలు రాయించుకుని వచ్చాడు. న్యాయమూర్తుల పేర్లు, వాదించిన సీనియర్ల పేర్లు, కిందికోర్టు పొరపాట్ల మీద మందలింపులు, అన్నీ ఉన్నాయి. జడ్జి బెంచి మీదే చదవడం మొదలుపెట్టాడు. మూడవది చదువుతూ ఆగి, తల ఎత్తాడు.

"ఇది 1994 తీర్పు అన్నారు కదా?"

"అవును సార్."

"1994లో ఇచ్చిన తీర్పులో భారతీయ సాక్ష్య అధినియం ఎట్లా వచ్చింది? ఆ చట్టం చేసింది 2023లో."

కోర్టు హాల్లో ఎవరో దగ్గు నొక్కుకున్నారు. ఎదుటి వకీలు కాగితాలు సర్దుకుంటూ, "ప్రింటింగు మిస్టేకు సార్," అన్నాడు. తెలియక ఒకసారి మోసపోవడం వేరు. పట్టుబడ్డాక అదే బురదలో మళ్లీ చెయ్యి పెట్టి, తెచ్చి న్యాయస్థానం బల్లకు పూయడం వేరు. జడ్జి గొంతు పెంచలేదు. ఇది కోర్టును మోసగించడమేనని, వివరణ ఇవ్వాలని, సంగతి బార్ కౌన్సిల్‌కు రాస్తానని చెప్పి, వాదనలకు ఏప్రిల్ 9 వేశాడు.

ఏప్రిల్ 8 మధ్యాహ్నం బార్ హాల్లో జనరల్ బాడీ పెట్టారు. అజెండా ఒక్కటే: వకీలుకు జరిగిన అవమానం.

అధ్యక్షుడు లేచి, "ఇయ్యాల ఆయనకైంది, రేపు మనకైతది. తప్పు జేస్తె చాంబర్లకు పిలిచి చెప్పాలె గని, పార్టీల ముంగట మోసం అంటడా? జడ్జి మాట వాపసు తీసుకునేదాక మనం లోపల్కి పోవుడు లేదు," అన్నాడు.

వెనక బల్ల నుంచి ఒకాయన అందుకున్నాడు. "గంతా సరే గని, తమ్మీ, గా తీర్పులు యాడ దొరుకుతయో మాక్కూడ చెప్పు. నా కేసులల్ల పన్నెండేండ్ల సంది ఒక్కటి గూడ మనదిక్కు మాట్లాడేది దొరుకుత లేదు!"

హాలంతా నవ్వింది. నవ్విన వారిలో తీర్పులు తెచ్చిన మనిషి కూడా ఉన్నాడు, అందరికంటే గట్టిగా. లేచి నిలబడ్డాను.

"రేపు నాది ఫైనల్ వాదన. మే ఆఖరుకు డిక్రీ లేకపోతే ఆ పిల్ల ఫైలు మూసేస్తరు. రేపొక్క కేసు మినహాయించుండ్రి."

"మినహాయింపులు మొదలువెడితే గది బహిష్కరణ ఎట్లయితది మేడం?" అన్నాడు అధ్యక్షుడు. తర్వాత మెత్తగా, "బాయి మీద సమ్మె అయితే మీ నాయిన డ్యూటీకి వోయిండా ఎన్నడన్న?"

"పోలే. కని మస్టరు మా నాయినదే వోయింది. రేపు మీదేం వోతది?"

ఓపెన్‌కాస్టులో రోజూ రెండింటికి పెట్టే బ్లాస్టింగ్ పేలి, కిటికీ అద్దాలు గలగలలాడాయి. తీర్మానం చేతులెత్తి ఆమోదించారు. ఎత్తని చెయ్యి నాది ఒక్కటే.

ఆ హాల్లో ఎక్కువ మంది గని కార్మికుల బిడ్డలే. సమ్మె అనే మాట వింటే మా రక్తంలో ఏదో లేచి నిలబడుతుంది. మా నాన్న టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లరు. సమ్మె రోజుల్లో మా ఇంట్లో అన్నం తగ్గి, మక్కరవ్వ గట్క పెరిగేది. అమ్మ సణిగేది, నాన్న మాట్లాడేవాడు కాదు. ఆ సమ్మెకు విలువ ఎక్కడి నుంచి వచ్చిందంటే, చేసినవాడి జీతంలోంచి వచ్చింది. వకీళ్ల బహిష్కరణలో మాకు పోయేది ఏమీ లేదు. వాయిదా పడినా పార్టీ మళ్లీ వస్తుంది, మళ్లీ బస్సు చార్జీ పెట్టుకుంటుంది, మళ్లీ ఒక రోజు కూలి వదులుకుంటుంది. వకీళ్లకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చి చెప్పింది. ఆ తీర్పు నిజమైనది, ఎక్కడ వెతికినా దొరుకుతుంది. దాన్ని మాత్రం మా హాల్లో ఎవరూ ఉదహరించరు. తండ్రులు ఆకలితో సంపాదించిన మాటను, టీ తాగుతూ, నీడలో కుర్చీలు వేసుకుని ఖర్చు పెడుతున్నారు. ఆ అసహ్యం నాకు ఇప్పటికీ పోలేదు.

ఏప్రిల్ 9 ఉదయం గేటు ముందు షామియానా వేశారు. నా క్లయింటు టిఫిన్ డబ్బాతో గోడ పక్కన నిలబడి ఉంది.

"మేడం, ఇయ్యాల కోర్టు లేదటగా?" అంది.

"కోర్టున్నది. నడువు."

షామియానా కింద నుంచి ఒక గొంతు వచ్చింది. "మొగోళ్లు వోతే చీరె గాజులు పంపుతుంటిమి. మీకేం పంపాలె మేడం?"

"మీ పార్టీలకు బస్ కిరాయిలు పంపుండ్రి," అన్నాను. కొందరు నవ్వారు. నవ్వనివారి ముఖాలు కూడా నాకు గుర్తున్నాయి. ఇరవై ఏళ్లు ఒకే బల్ల మీద నాతో అన్నం తిన్న అధ్యక్షుడు తల పక్కకు తిప్పుకున్నాడు.

కోర్టు హాలు దాదాపు ఖాళీగా ఉంది. బెంచి క్లర్కు, అటెండరు, నేను, ఇద్దరు పార్టీలు. పెద్దనాన్న కొడుకు ఒక్కడే ఒక మూల నిలబడ్డాడు. నా క్లయింటును చూసి అలవాటుగా, "తిన్నవా అక్కా?" అన్నాడు. ఆమె కూడా అలవాటుగానే తల ఊపింది. కేసు పిలిచారు.

"మీ వకీలు ఏరి?" అని జడ్జి అతన్ని అడిగాడు.

"బయట టెంటు కింద ఉన్నడు సార్."

"పిలుచుకొని రండి."

వెళ్లి, ఒంటరిగా తిరిగి వచ్చాడు. "రానన్నడు సార్. ఇయ్యాల కేసు ముఖ్యం గాదు, ఇజ్జతు ముఖ్యం అన్నడు."

జడ్జి నా వైపు చూశాడు. "మీ బార్ తీర్మానం ఉంది కదా, మేడం?"

"ఉంది. ఈమె నాకు వకాలత్ ఇచ్చింది మాట్లాడడానికి. నేను మాట్లాడతాను."

ఇరవై నిమిషాలు వాదించాను. యజమాని రికార్డు ఒక సాక్ష్యం మాత్రమే, అంతిమ సత్యం కాదని చెప్పి, నిజంగా ఉన్న రెండు తీర్పుల ప్రతులు ఇచ్చాను. ఇద్దరు ముసలివాళ్ల సాక్ష్యం చదివి వినిపించాను. నేను కూర్చున్నాక జడ్జి ఎదుటి పార్టీని, "మీరు సొంతంగా ఏమైనా చెప్పుకుంటారా?" అని అడిగాడు. అతను నేల చూశాడు, తర్వాత నా క్లయింటును చూశాడు. "నాకేం తెల్వది సార్," అన్నాడు. ఆరు తీర్పులు మినహా అతని రాత వాదనలను పరిశీలిస్తానని నమోదు చేసి, జడ్జి కేసును తీర్పుకు ఉంచాడు.

ఏప్రిల్ 21న బార్ అసోసియేషన్ నన్ను సభ్యత్వం నుంచి ఏడాది పాటు సస్పెండ్ చేసింది. ప్రాక్టీసుకు ఇచ్చే సనదు బార్ కౌన్సిల్‌ది, దాని జోలికి వీరు రాలేరు. కారణంగా తోటి న్యాయవాది గౌరవానికి భంగం అని రాశారు.

ఏప్రిల్ 28, సోమవారం తీర్పు వచ్చింది. గనిలో అన్న పేరుతో పనిచేసినవాడు నా క్లయింటు తండ్రేనని డిక్రీ. కోర్టు హాలు బయట ఆమె నా చేతులు పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. "కాపీ ఎన్నడిస్తరు మేడం?" అని అడిగింది. రెండు రోజుల్లో సర్టిఫైడ్ కాపీ తీసుకుని, తానే కంపెనీ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చింది.

జడ్జి మాట వెనక్కి తీసుకోలేదు. అయినా వేసవి సెలవుల ముందురోజు బార్ బహిష్కరణను విరమించింది. మర్నాటి నుంచి బహిష్కరించడానికి కోర్టే లేదు. పత్రికకు ఇచ్చిన ప్రకటనలో, ప్రజల ఇబ్బందులను దృష్టిలో పెట్టుకుని అని రాశారు.

మే 4, ఆదివారం ఉదయం పెద్దనాన్న కొడుకు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. టీ ఇస్తే తాగాడు.

"మేడం, నా అప్పీలు మీరు జేస్తరా?"

"నేను మీ అక్క తరఫు. చెయ్యరాదు. పెద్దపల్లిల జిల్లా కోర్టుకు పో, ముప్పై రోజులు టైమున్నది. పైసలు లేకపోతే లీగల్ ఎయిడ్ల వకీలును ఇస్తరు."

గ్లాసు చేతిలో తిప్పాడు. "వద్దు లే. బాయిల దిగింది మా చిన్నాయినే. ఊరంత తెలుసు, నాకూ తెలుసు. గా వకీలే, నువ్వొక్క ముక్క చెప్పే అవసరం లేదు, నేను గెలిపిస్త అన్నడు."

"మీ నాయినకు తలకొరివి పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"మరి సంతకం ఎట్ల వెట్టినవు?"

ఖాళీ గ్లాసు కింద పెట్టి, "అప్పీలు వద్దు గని, నా ఆరు వేలన్న ఇప్పియ్యుండ్రి," అన్నాడు.

"ఏం ఆరు వేలు?"

"ఫీజు గాక తీసుకున్నడు. హైదరాబాదు నుంచి జడ్జిమెంట్లు తెప్పియ్యాలె, ఒక్కోటి వెయ్యి అన్నడు."

నేను కుర్చీలోంచి లేచి, వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చాను. అబద్ధపు ప్రమాణం చేసినవాడు నా వరండాలో కూర్చున్నాడు, అతని మీద నాకు జాలి కలగలేదు. కలిగి ఉంటే ఇక్కడ రాసేదాన్ని. కానీ ఆ అబద్ధాన్ని చొక్కా జేబులోంచి ఫోన్ తీసి తయారు చేసి, ముక్కకు ఇంత అని అమ్మినవాడు నల్లకోటు వేసుకుని తిరుగుతున్నాడు, నేను వేసుకునే కోటే. ఫిర్యాదు కాగితం నేనే రాసి, అతని చేత సంతకం పెట్టించి, బార్ కౌన్సిల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. జడ్జి రాసిన ఉత్తరానికీ, ఈ ఫిర్యాదుకూ ఈ రోజు వరకు నాకు తెలిసిన జవాబు లేదు. తర్వాత జరిగిన బార్ ఎన్నికల్లో ఆ వకీలు సంయుక్త కార్యదర్శిగా గెలిచాడు.

ఆగస్టులో నా క్లయింటుకు ఉత్తర్వు వచ్చింది. గోలేటి వైపు గనిలో, కిందికి దిగనక్కరలేని ఉపరితలం పని. ఫోన్ చేసి, "జనరల్ షిఫ్టు ఇచ్చిండ్రు మేడం. బస్ దూరమే గని, ఫికర్ లేదు," అంది. డ్యూటీకి వేళవుతోందని పెట్టేసింది.

లెక్క రాసి ముగిస్తాను.

పోయినవి: బార్ సభ్యత్వం ఏడాది. హాల్లో నా కుర్చీ. ఒక స్నేహం, ఇరవై ఏళ్లది. నన్ను పెట్టుకుంటే పని కాదని వకాలత్ వెనక్కి తీసుకున్న క్లయింట్లు నలుగురు. ఎదుటి పార్టీకి ఆరు వేలు, తన మాట వకీలు నోట వినిపించుకునే ఒక రోజు. బహిష్కరణ సాగిన రోజుల్లో వచ్చి వెనక్కి వెళ్లినవారు ఎందరో, వారిని ఎవరూ లెక్కపెట్టలేదు, నేనూ పెట్టలేకపోయాను.

మిగిలినవి: ఒక డిక్రీ. ఒక ఉద్యోగం, దానితో ఒక క్వార్టరు. ఒక తండ్రి సొంత పేరు, కోర్టు కాగితం మీద. నా సనదు. కోర్టు వరండా చివర, కిటికీ పక్కన, ఇప్పుడు నేను ఒక్కదాన్నే కూర్చుని అన్నం తినే బెంచీ.